కారు మనది, మరమ్మతు ఎవరిది?

పూర్వం ఎడ్లబండి కట్టుకుని సంతకు బయలుదేరే రైతు ఎంత తొందరలో ఉన్నా ఒక పని మాత్రం మరిచేవాడు కాదు. బండి కింద వేలాడదీసిన కందెన గొట్టం తీసి, చక్రాన్ని కొంచెం పక్కకు లాగి, ఇరుసుకు కందెన పూసేవాడు. ఆముదంలో గడ్డి మసి కలిపి ఇంట్లోనే చేసుకున్న కందెన అది. దానికి ఒకరి అనుమతి అక్కరలేదు, ఒకరికి బిల్లు చెల్లించే పని లేదు. చక్రంలో ఆకు విరిగితే మాత్రం వడ్రంగి దగ్గరకు వెళ్ళేవాడు. ఇనుప పట్టా వదులైతే కమ్మరి కొలిమి దగ్గర కూర్చునేవాడు. ఏ పని తనది, ఏ పని వడ్రంగిది, ఏ పని కమ్మరిది అన్న విషయంలో ఆ రైతుకు ఎన్నడూ సందేహం కలగలేదు.

ఎడ్లబండి పోయి కారు వచ్చింది. ఆ సందేహం కూడా దానితోపాటే వచ్చింది. ఈనాడు లక్షలు పోసి కారు కొన్న పెద్దమనిషి దాని మూత ఎత్తి చూడటానికే జంకుతాడు. చిన్న దీపం వెలిగినా, చిన్న చప్పుడు వినిపించినా కంపెనీవారి సర్వీసు కేంద్రానికి పరుగెత్తుతాడు. అక్కడ చల్లని గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. ఆ కాఫీ ఖరీదు ఎంతో సాయంకాలం బిల్లు చేతికి వచ్చాక గాని తెలియదు.

ఇంకొక రకం మనుష్యులూ ఉన్నారు. నాలుగు స్పానర్లు, ఒక జాకీ కొనుక్కుని, సెల్‌ఫోనులో రెండు వీడియోలు చూసి, "ఇంతే గదా!" అని కారు కిందికి దూరేవారు. వీరి కథలు కూడా ఒక్కొక్కప్పుడు బిల్లుతోనే ముగుస్తాయి. నేను ఈ రెండు రకాల్లోనూ ఉండి వచ్చినవాణ్ణి గనుక, నా అనుభవం పాఠకులకు పనికివస్తుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పద్దెనిమిది వేల ఎలుక

మాది మాక్లూరు. నిజామాబాదుకు ఉత్తరంగా ఉన్న ఊరు. చుట్టూ వరి, పసుపు, అక్కడక్కడ చెరుకు. బడిపంతులు ఉద్యోగం ముగించిన తరువాత ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాను. దాని వారంటీ ఎప్పుడో తీరిపోయింది. అది మా ఇంటి పక్క రేకుల పందిరి కింద ఉంటుంది. పందిరికి ఆవల పొలం.

ఒకనాటి ఉదయం కారు స్టార్టు చేస్తే ఇంజను వణకడం మొదలుపెట్టింది. ఎదుట పలక మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం వెలిగి ఆరనన్నది. మెల్లగా నడుపుకుంటూ పట్నంలోని ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి తీసుకుపోయాను. వారు చిన్న యంత్రం ఒకటి తగిలించి చూశారు. గంట తరువాత టై కట్టుకున్న కుర్రవాడు వచ్చి ఎంతో మర్యాదగా చెప్పాడు:

"సార్, ఎలుకలు వైర్లు కొరికేశాయి. ఇంజను వైరింగు సెట్టు మొత్తం మార్చాలి. సామాను, కూలీ, పన్ను అన్నీ కలిపి పద్దెనిమిది వేల నాలుగు వందలు అవుతుంది. సామాను హైదరాబాదునుంచి రావడానికి వారం పడుతుంది."

"కొరికిన వైరు ఒక్కటే అతికించకూడదా బాబూ?" అని అడిగాను.

"కంపెనీ ఒప్పుకోదు సార్" అన్నాడు.

ఆలోచించుకుని చెప్తానని కారు తిరిగి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ బిల్లు అంచనా కాగితం చూసి, "గింత ఎలుకకు గంత బిల్లా!" అని ముక్కుమీద వేలు వేసుకున్నది.

మా ఊరి దారిలో ఒక మెకానిక్ షెడ్డు ఉన్నది. దాన్ని నడిపే మిస్త్రీ నలభై ఏళ్ళవాడు. అతని తండ్రి బోధను చక్కెర ఫాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. సాయంకాలం అతణ్ణి పిలిచాను. బానెటు ఎత్తి, టార్చిలైటు వేసి, గాలి ఫిల్టరు డబ్బా మూత విప్పాడు. లోపల గడ్డి, గుడ్డపేలికలు, నమిలిన చెరుకు పిప్పి, కొన్ని వడ్లగింజలు! మా ఎలుకగారు అక్కడ సంసారం పెట్టారు.

"ఏం గాదు సారూ. ఇంజెక్టరుకు పోయే తీగె ఒక్కటే తెగింది. తక్కినయి మంచిగనే ఉన్నయి" అన్నాడు.

"మరి మొత్తం మార్చాలన్నారే తమ్మీ?"

"ఆళ్ళు అట్లనే అంటరు సారూ. ఆళ్ళకు అతుకుడు పని లేదు, మార్చుడు పనే."

బ్యాటరీ తీగ విప్పి, తెగిన వైరు రెండు కొసలూ శుభ్రం చేసి, సోల్డరు పెట్టి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, టేపు చుట్టాడు. గాలి ఫిల్టరు కొత్తది వేశాడు. తన దగ్గరున్న చిన్న స్కానరుతో పసుపు దీపం ఆర్పాడు. ఫిల్టరు ఖరీదుతో కలిపి ఏడు వందలు తీసుకున్నాడు. ఆ వైరు ఈనాటికీ చెక్కుచెదరలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెత మన పెద్దలు కారు చూడకముందే చెప్పినా, నా విషయంలో అక్షరాలా నిజమైంది.

కంపెనీ పక్షం

ఇంతవరకు చదివి, సర్వీసు కేంద్రాలవారందరూ దోపిడీదారులని ఎవరైనా అనుకుంటే అది తొందరపాటే అవుతుంది. వారి పక్షాన చెప్పవలసిన మాటలు ఉన్నాయి.

మొదటిది, అతుకు మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. సరిగా వేయని అతుకు వేడెక్కి కారు తగులబెట్టిన ఉదంతాలు కద్దు. వందలాది ఊళ్ళలో వేలాది మంది పనివాళ్ళు ఉన్న కంపెనీకి, ప్రతి పనివాడి చేతినీ నమ్మడం సాధ్యం కాదు. అందుకని అతకవద్దు, మార్చండి అని ఒక నియమం పెట్టుకున్నది. మా మిస్త్రీ పేరు అతని చేతిలో ఉన్నది. కంపెనీ పేరు ఎవరెవరి చేతుల్లోనో ఉన్నది.

రెండవది, కొన్ని పనిముట్లు చాలా ఖరీదైనవి. కొత్త కారులో ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, గాలిసంచులకొకటి, ఇలా చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయి. వాటితో మాట్లాడే యంత్రాలు, వాటి రహస్య సంకేతాలు కంపెనీ చేతిలో ఉంటాయి. సందు మొదట్లో ఉన్న షెడ్డువాడు కొన్నింటిని చదవగలడు, అన్నిటినీ చదవలేడు.

మూడవది, ఒక రకం కార్లలో తయారీ లోపం బయటపడితే వాటిని వెనక్కు పిలిపించి ఉచితంగా బాగుచేసేది కంపెనీవారే.

అయితే ఇదంతా ఒప్పుకున్నా, బిల్లు చివర వచ్చే కొన్ని వరుసల సంగతి వేరు. ఇంజను పాలిషు, థ్రాటిల్ శుభ్రం, ఏ.సి. పరిమళం, చక్రాలలో నైట్రోజను గాలి వగైరాలు. మనం పీల్చే మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజను ఉన్నదన్న సంగతి మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు ఏ పని చేయాలో పట్టిక ఉంటుంది. "ఈ పని పుస్తకంలో ఏ పేజీలో ఉన్నది నాయనా?" అని ఒక్క ప్రశ్న అడగండి. బిల్లులో సగం వరుసలు తామే తప్పుకుంటాయి.

నా ప్రయోజకత్వం

ఏడు వందలతో కారు బాగుపడ్డదన్న సంతోషం నా తలకెక్కింది. తరువాతి సర్వీసు నేనే చేసుకుంటానని ఇంట్లో ప్రకటించాను. ఇంజను ఆయిలు మూడు లీటర్ల డబ్బా, ఆయిలు ఫిల్టరు, స్పానర్ల పెట్టె పట్నంనుంచి తెచ్చాను. ఒక ఆదివారం ఉదయం ప్రారంభోత్సవం.

పాత ఆయిలు దింపాను. ఫిల్టరు మార్చాను. ఆయిలు గిన్నె అడుగున ఉండే బోల్టు తిరిగి బిగించే సమయంలో, వదులైతే ఎట్లా అన్న భయంతో, స్పానరుకు ఒక ఇనుప పైపు తొడిగి బలమంతా ఉపయోగించాను. లోపల మరలు చితికిపోయిన సంగతి నాకు తెలియలేదు. కొత్త ఆయిలు పోసి, చేతులు కడుక్కుని, గొప్పగా కాఫీ తాగాను.

మరునాడు బోధనులో మా బావమరిది ఇంటికి బయలుదేరాను. ఎడపల్లి దాటానో లేదో, ఆయిలు చెంబు బొమ్మతో ఎర్రదీపం వెలిగింది. ఆ దీపం వెలిగితే ఇంకొక ఫర్లాంగు కూడా నడపకూడదని పుస్తకంలో చదివి ఉన్నాను గనుక వెంటనే ఆపి ఇంజను కట్టేశాను. దిగి చూస్తే రోడ్డు పొడుగునా నల్లని గీత. బోల్టు మా వెనక ఎక్కడో పడిపోయింది. ట్రాక్టరువాడి కాళ్ళావేళ్ళా పడి కారును లాగించుకుని వచ్చాను. ఆయిలు గిన్నె మార్చి, మళ్ళీ ఆయిలు పోసేసరికి ఆరువేల రెండు వందలు అయింది. ఆనాడు దీపం చూసి ఆపకుండా ఇంకొక రెండు మైళ్ళు పోయివుంటే ఇంజనే పట్టేసి ఉండేది. అప్పుడు ఖర్చు వేలల్లో ఆగేది కాదు.

మిస్త్రీ ఆ బోల్టు సంగతి విని నవ్వలేదు. "బోల్టు బిగించుడు బలం పని గాదు సారూ, లెక్క పని" అన్నాడు. నిజమే. ఏ బోల్టును ఎంత గట్టిగా తిప్పాలో లెక్క ఉన్నది. ఆ లెక్క చూపించే టార్కు స్పానరు కూడా బజారులో దొరుకుతుంది. నా దగ్గర లేనివి ఆ స్పానరూ, ఆ తెలివీ.

చెరుకు బండ్ల బడి

మా ప్రాంతంలో మరమ్మతు విద్య ఎక్కడినుంచి వచ్చిందో తలచుకుంటే ముందు బోధను గుర్తుకు వస్తుంది. 1931లో నిజాంసాగరు ప్రాజెక్టు పూర్తయి నీళ్ళు పారడంతో ఈ నేల చెరుకు నేల అయింది. 1937లో నిజాం షుగర్ ఫాక్టరీ వెలిసింది. ఆ కర్మాగారం ఉన్న చోటికి శక్కర్‌నగరమనే పేరు వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఫాక్టరీ అది. చక్కెర మిల్లు అంటే పెద్ద పెద్ద రోలర్లు, ఆవిరి బాయిలర్లు, పంపులు. సీజనులో రాత్రింబగళ్ళు నడవాలి, ఆగితే నష్టం. అందుచేత అక్కడ ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఒక సైన్యంలాగా ఉండేవారు. వారి చేతికింద నేర్చుకున్న పిల్లలు తరువాత షెడ్లు పెట్టుకున్నారు.

చెరుకు తోలే ట్రాక్టరు ఇంకొక బడి. నరికిన చెరుకు ఆలస్యమయ్యేకొద్దీ ఎండిపోతుంది, బరువు తగ్గుతుంది, చక్కెర పాలూ తగ్గుతుంది. లోడుతో ట్రాక్టరు దారిలో ఆగితే, కంపెనీ మనిషి వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చునే రైతు ఎవడు? అందుకని డీజిలు ఫిల్టరు మార్చడం, లైనులో చేరిన గాలి తీయడం, బెల్టు బిగించడం మా దగ్గర పదిహేనేళ్ళ కుర్రవాడికి కూడా వచ్చు.

ఆ ఫాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. రైతు చెరుకును దూరపు మిల్లులకు పంపుకోవలసి వచ్చింది. ఒక బడి మూతపడితే నష్టపోయేది ఆ సంవత్సరం చదివే పిల్లలు మాత్రమే కాదు. తండ్రి దగ్గర ఫిట్టరు పని నేర్చినవాడు మా మిస్త్రీ. అతని కొడుకు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

మొదట్లో కార్లు తయారుచేసినవారు కూడా యజమాని చేతిని నమ్మినవారే. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ 'టి' కారు తెచ్చినప్పుడు, దాన్ని కొనేవాళ్ళలో చాలామంది రైతులని అతనికి తెలుసు. కొద్దిపాటి పనిముట్లతో పొలం గట్టునే బాగుచేసుకునేటట్టు దాన్ని రూపొందించాడు. మన దేశంలో 1957లో వచ్చిన అంబాసిడరు కూడా ఆ జాతిదే. బానెటు ఎత్తితే లోపల ఒక మనిషి దిగి నిలబడేటంత చోటు. ఆ కారు 2014లో ఆగిపోయేవరకు దానికి మరమ్మతు చేయలేని ఊరు ఆంధ్రదేశంలో గాని తెలంగాణలో గాని ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. మొదట్లో మిస్త్రీలు దాన్ని చూసి బెదిరినా, అయిదారేళ్ళలో అదీ వశమైంది. తరువాత కార్బురేటరు పోయి కంప్యూటరు వచ్చింది. పొగ తగ్గింది, మైలేజి పెరిగింది. దానితోపాటు షెడ్డుకూ కారుకూ మధ్య ఒక తాళం పడింది. ఆ తాళంచెవి కంపెనీ చేతిలో ఉన్నది.

తాళంచెవి తగాదా

ఈ తాళంచెవి సంగతి మన దేశంలో న్యాయపీఠం దాకా వెళ్ళింది. 2011 జనవరిలో శంషేర్ కటారియా అనే ఆయన భారత పోటీ కమిషనుకు ఫిర్యాదు చేశాడు. కార్ల కంపెనీలు అసలు విడిభాగాలను బయటి బజారులో దొరకనివ్వడం లేదని, మరమ్మతు పుస్తకాలూ పరీక్షా యంత్రాలూ బయటి మెకానిక్కులకు ఇవ్వడం లేదని, అందుచేత యజమాని తప్పనిసరిగా కంపెనీ కేంద్రానికే పోయి వారు చెప్పిన ధర చెల్లించవలసివస్తున్నదని దాని సారాంశం. ఫిర్యాదు మొదట కొన్ని కంపెనీల మీదనే ఉన్నా, విచారణ పెరిగి పెరిగి దేశంలోని పెద్ద కంపెనీలలో చాలా భాగాన్ని చుట్టుకున్నది.

2014 ఆగస్టు 25న కమిషను తీర్పు చెప్పింది. 14 కార్ల కంపెనీలు పోటీ చట్టాన్ని ఉల్లంఘించాయన్నది. అన్నిటికీ కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. జరిమానా కంటె ముఖ్యమైనవి దానితో ఇచ్చిన ఆదేశాలు. విడిభాగాలు బయటి బజారులో దొరకాలి. మరమ్మతుకు కావలసిన పుస్తకాలు, యంత్రాలు స్వతంత్ర మెకానిక్కులకు కూడా అందాలి. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదు.

కంపెనీలు ఊరుకోలేదు. అప్పీళ్ళకు, హైకోర్టుకు వెళ్ళాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న మాటను నిలబెడుతూనే, జరిమానాను విడిభాగాల అమ్మకాల లెక్కకు కుదించింది. తగాదా ఏళ్ళ తరబడి నడిచింది. కాని సామాన్యుడికి ఒక సంగతి తేటతెల్లమైంది. మరమ్మతు ఖరీదుగా ఉండటానికి పనిలోని కష్టం కొంత కారణమైతే, తాళం వేసి ఉంచడం మరికొంత కారణం.

ఇది మన ఒక్క దేశపు తగాదా కాదు. అమెరికాలో 1975నాటి వారంటీ చట్టం ఫలానా చోటనే మరమ్మతు చేయించుకోవాలని సాధారణంగా షరతు పెట్టకూడదన్నది. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రం కార్ల మరమ్మతు హక్కుకు ప్రత్యేకంగా చట్టం చేసింది. అక్కడి రైతులకు ట్రాక్టర్లతో ఇదే చిక్కు. కంప్యూటరు తాళం వల్ల కోతల వేళ యంత్రం ఆగిపోతే డీలరు వచ్చేదాకా పంట పొలంలోనే ఉండిపోతున్నదని గోల పెట్టారు. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ వాణిజ్య కమిషను ఈ విషయమై జాన్ డీర్ కంపెనీ మీద దావా వేసింది. ఎడపల్లి రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు తోలే రైతుకూ, అమెరికాలో గోధుమ కోసే రైతుకూ ఒకే బాధ రావడం వింతగా ఉంటుంది గాని, యంత్రం ఎక్కడైనా యంత్రమే గదా!

మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరిట ఇంటర్నెట్టులో ఒక వేదిక తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు ఈ నాలుగింటి సంగతులూ దాని పరిధిలోనివి. సర్వీసు విషయంలో అన్యాయం జరిగిందనిపించినవారు 1915 అనే జాతీయ వినియోగదారుల ఫోను నంబరుకు చెప్పుకోవచ్చు.

ఏ పని ఎవరిది?

ఇక అసలు విషయానికి వస్తాను. ఎడ్లబండి రైతు చేసుకున్న పంపకం మనం కూడా చేసుకోవాలి.

యజమాని స్వయంగా చేసుకోవలసినవి ముందు చెప్తాను. వారానికొకసారి సమానమైన నేలమీద కారు నిలిపి, ఇంజను చల్లగా ఉండగా ఆయిలు పుల్ల తీసి చూడాలి. ఆయిలు పుల్లమీది రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. చక్రాలలో గాలి కారు నడవకముందు, చల్లగా ఉండగా కొలిపించాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ అంటించి ఉంటుంది. గాలి ఫిల్టరు మార్చడం నాలుగు క్లిప్పుల పని. వరికోతలప్పుడు, పసుపు ఆడించేటప్పుడు మా ఊళ్ళలో లేచే దుమ్ముకు, పుస్తకంలో చెప్పిన గడువుకంటె ముందే దాన్ని చూడటం మంచిది. వైపరు రబ్బర్లు, దీపాలు, ఫ్యూజులు ఇంటివద్ద మార్చుకోవచ్చు. అయితే పది ఆంపియర్ల ఫ్యూజు పోతే పది ఆంపియర్లదే వేయాలి. ఇరవైది వేసినా, రాగితీగ చుట్టినా అది మరమ్మతు కాదు, నిప్పుకు ఆహ్వానం.

బ్యాటరీ కొసలమీద తెల్లగా, పచ్చగా పేరుకునే పొడిని వేడినీళ్ళతో కడగవచ్చు. తీగలు విప్పేటప్పుడు ముందు నెగెటివు, బిగించేటప్పుడు చివర నెగెటివు. ఆ దగ్గరలో బీడీ వెలిగించకూడదు; బ్యాటరీనుంచి వచ్చే హైడ్రోజను వాయువు అంటుకుంటుంది. బ్యాటరీలో డిస్టిల్డు నీరే పోయాలి. రేడియేటరులో కంపెనీ చెప్పిన కూలెంటు పోయాలి. మన బోరునీళ్ళు పోస్తే ఇంట్లో నీళ్ళ బిందెకు కట్టినట్టే లోపల తెల్లని పెచ్చు కడుతుంది. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీస్తే మొహం కాలుతుంది. పొలం పక్కన ఉండేవారు రాత్రిపూట ఒకసారి బానెటు ఎత్తి చూడటం, కారులో తినుబండారాలు మిగల్చకపోవడం అలవాటు చేసుకోవాలి. ఎందుకో వేరే చెప్పనవసరం లేదు.

రెండవ వరుస మిస్త్రీకి వదలవలసినవి. ఆయిలు మార్చడం, ప్లగ్గులు, బెల్టులు, క్లచ్చి, బ్రేకు ప్యాడ్లు, షాకబ్జార్బర్లు. అందులోనూ బ్రేకుల పని చేయి తిరిగినవాడే చేయాలి. బ్రేకులో పోయవలసింది బ్రేకు ఆయిలే. అది అయిపోయిందని ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి బ్రేకు పడదు. ఆయిలు స్వయంగా మార్చుకునే పట్టుదల ఎవరికైనా ఉంటే నా కథ మరిచిపోవద్దు. మరొక సంగతి: కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ తల పెట్టకూడదు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. కింద గట్టి స్టాండ్లు పెట్టిన తరువాతే దూరాలి. దింపిన పాత ఆయిలు కాలువలోనో పొలం గట్టునో పారబోయకుండా, పాత ఆయిలు కొనేవారికి అందేటట్టు షెడ్డులో ఇవ్వాలి.

మిస్త్రీ దగ్గర కూడా కళ్ళు తెరుచుకుని ఉండాలి. పాత సామాను తిరిగి అడిగి తీసుకోవాలి. కొత్త సామాను పెట్టె మన ఎదుటే విప్పించాలి. అసలు కంపెనీ పెట్టెను పోలిన నకిలీ పెట్టెలు బజారులో లేకపోలేదు. బ్రేకుల్లో నకిలీ సామాను వేసి మిగుల్చుకున్న రెండు వందలు ఎవరికీ అచ్చిరావు.

మూడవ వరుస కంపెనీకి. వారంటీ తీరని కారును వారి దగ్గరకే తీసుకుపోవడం తెలివి. లోపం వారిదైతే ఖర్చూ వారిదే. గాలిసంచులు, వాటి తీగలు ఇంటివద్ద ముట్టుకోకూడదు. పొరపాటున పేలితే ఎముక విరుగుతుంది. కంప్యూటరు పెట్టెలు, తాళంచెవుల సంకేతాలు కూడా వారి పనే. ఈనాటి కరెంటు కార్లలో నారింజరంగు తొడుగుతో లావుపాటి తీగలు కనిపిస్తాయి. వాటిలో వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఆ రంగు కనిపించగానే చేయి వెనక్కు తీసుకోవాలి. మా మిస్త్రీకి వాటి పని నేర్పే బడి ఇంకా మా దగ్గరకు రాలేదు.

పసుపు దీపం వెలిగినప్పుడు మాత్రం మూడు వరుసలవారికీ పనికివచ్చే వస్తువొకటి ఉన్నది. అగ్గిపెట్టెంత స్కానరు. స్టీరింగు కింద తగిలిస్తే సెల్‌ఫోనులో తప్పు సంఖ్య చూపిస్తుంది. అది రోగం చెప్పదు, నొప్పి ఎక్కడో చెప్తుంది. ఆ సంఖ్య కాగితంమీద రాసుకుని పోయినవాడితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఇది నా స్వానుభవం.

మొన్న మళ్ళీ అదే సర్వీసు కేంద్రానికి వెళ్ళాను. తయారీ లోపం ఉన్న భాగమొకటి ఉచితంగా మారుస్తామని కబురు చేశారు. మర్యాదగా మార్చారు. ఆ కుర్రవాడే బిల్లు కాగితం తెచ్చి, ఇంజను శుభ్రం కూడా చేయించమంటారా అని అడిగాడు. నేను నా సంచిలోనుంచి కారు పుస్తకం తీసి, "ఏ పేజీలో ఉన్నది నాయనా?" అన్నాను. అతను ఒక్క క్షణం నా మొహం చూసి నవ్వేసి, ఆ వరుస కొట్టేశాడు.

తిరిగి వస్తూ మిస్త్రీ షెడ్డు దగ్గర ఆగాను. అతని కొడుకు ఇంటరు చదువుతున్నాడు. బడి లేని వేళ తండ్రి దగ్గర స్పానర్లు అందిస్తూ ఉంటాడు. ఆ రోజు సెల్‌ఫోనులో కరెంటు బండి బ్యాటరీ బొమ్మ ఒకటి చూస్తున్నాడు.

"ఇది నేర్సుకుంట అంటున్నడు సారూ. పుస్తకం యాడ దొరుకుతదో సూసి చెప్పున్రి" అన్నాడు తండ్రి.

చూస్తానని మాట ఇచ్చాను. కందెన గొట్టం తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చినంత సులభంగా ఆ పుస్తకం ఆ పిల్లవాడి చేతికి వస్తుందో లేదో చూడాలి.